మండువా ఇంట్లో స్ట్రింగ్ ఆఫ్ బనానాస్: నా అనుభవం

మా కోనసీమలో మొక్కని బతికించడానికి ఎవరూ పెద్దగా కష్టపడరు. మందార కొమ్మ విరిచి గట్టున గుచ్చినా కొన్నాళ్లకి చిగురు తొడుగుతుంది. గోదావరి ఒండ్రు, కాలవ నీళ్లు, గాలిలో ఎప్పుడూ ఉండే తేమ, వీటి మీద కొబ్బరి, అరటి, తమలపాకు తీగ అన్నీ వాటంతట అవే పెరిగిపోతాయి. అలాంటి చోట, నీళ్లు కరువైన నేల నుంచి వచ్చిన తీగని, అదీ ఇంటి లోపల పెంచాలంటే మనకి అలవాటైన పద్ధతులు చాలావరకు పక్కన పెట్టాల్సిందే. స్ట్రింగ్ ఆఫ్ బనానాస్ అనే తీగని కొన్నేళ్లుగా మా మండువా ఇంట్లో పెంచుతున్నాను. ఉట్టిలోంచి దిగిన తీగలు ఇప్పుడు పొడుగ్గా వేలాడుతున్నాయి. ఇంటికొచ్చినవాళ్లు ముచ్చటపడి ముక్క అడుగుతారు, తీసుకెళ్తారు, వానాకాలం మధ్యలో ‘కుళ్లిపోయిందండీ’ అని ఫోన్ చేస్తారు. అందరికీ విడివిడిగా చెప్పేకంటే, నేను చేసేదంతా ఒకచోట రాస్తే మేలనిపించింది.

దీని శాస్త్రీయ నామం క్యూరియో రాడికాన్స్. పాత పుస్తకాల్లోనూ, కొన్ని నర్సరీ లేబుళ్ల మీదా సెనెసియో రాడికాన్స్ అని ఉంటుంది, రెండూ ఒకటే మొక్క. సొంత గడ్డ దక్షిణాఫ్రికా. అక్కడ పొదల నీడన, రాళ్ల మధ్య నేల మీద పాకుతూ, కణుపు నేలకి తగిలిన చోటల్లా వేరు పోసుకుంటూ సాగిపోతుంది. కుటుంబం మాత్రం మన చామంతి, బంతి, పొద్దుతిరుగుడు కుటుంబమే. ఆకు రెండు మూడు సెంటీమీటర్ల పొడవుంటుంది, బొద్దుగా, అరటికాయ వంపు తిరిగి. ఆ వంపు వెంబడి ఒక సన్నటి గీత కనపడుతుంది. ఆకుని వెలుతురుకి అడ్డంగా పట్టుకుని చూడండి, ఆ గీత దగ్గర చర్మం పల్చగా, గాజు మాదిరి ఉంటుంది. లావుపాటి ఆకు లోపలి పొరలకి కూడా వెలుగు అందడానికి మొక్క చేసుకున్న ఏర్పాటు అది. పైకి ఎండ తగిలే భాగం తక్కువ, లోపల నీళ్ల నిల్వ ఎక్కువ, వెలుగు పోవడానికి మాత్రం ఒక దారి. నాకు ఈ మొక్క మీద ప్రేమ పుట్టింది ఆ గీత చూశాకే.

కొన్నది కడియపులంకలో. రావులపాలెం మీదుగా జొన్నాడ వంతెన దాటి హైవే మీద రాజమండ్రి వైపు వెళ్తుంటే రోడ్డుకి రెండు పక్కలా నర్సరీలే. ముందు వరసల్లో గులాబీలు, క్రోటన్లు, పామ్‌లు పెడతారు. ఇలాంటి మొక్కలు అడిగితే లోపల షేడ్‌నెట్ కింద బల్లల దగ్గరికి తీసుకెళ్తారు. నెట్‌కి పైన ప్లాస్టిక్ షీటు కూడా వేసి ఉంది. ఎండ తగ్గించడానికి నెట్ అందరూ వేస్తారు. వాన చుక్క పడకుండా షీటు కూడా వేశారంటే, ఈ మొక్కకి ఏది పడదో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది.

అక్కడ పనిచేసే పెద్దాయనని అడిగాను. “వీటికి ఎన్నాళ్లకొకసారి నీళ్లు పోస్తారండీ?”

“రోజుల లెక్కేం లేదమ్మా. కుండీ ఎత్తి చూస్తాం. తేలిగ్గా ఉంటే పోస్తాం, బరువుగా ఉంటే వదిలేస్తాం. ఆయ్, మర్చిపోయినా బతుకుద్దండి. గుర్తెట్టుకుని రోజూ పోస్తే మటుకు ఉండదు.”

పక్క బల్ల మీద స్ట్రింగ్ ఆఫ్ పెర్ల్స్ కూడా ఉంది. అదీ క్యూరియోల్లో ఒకటే, ఆకులు గుండ్రంగా ముత్యాల వరసలా ఉంటాయి, ఫోటోల్లో ఇంకా అందంగా కనపడుతుంది. “మన వైపు గాలికి ఇదే ఆగుద్దమ్మా” అని ఆయన అరటికాయ ఆకుల కుండీయే చేతికిచ్చాడు. తర్వాత రెండూ పెంచి చూశాను, ఆయన మాట నిజం. ముత్యాలది మన ఉక్కకి తొందరగా మెత్తబడిపోతుంది. మొదటిసారి పెంచేవాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది.

కుండీ ఎంచుకునేటప్పుడు నేను వేలాడే కొసలు చూడను. వాటిని పక్కకి తీసి మట్టి దగ్గర కాండం చూస్తాను. అక్కడ గోధుమ రంగు మచ్చలు లేకుండా పచ్చగా, గట్టిగా ఉండాలి. ఆకుకి ఆకుకి మధ్య ఎడం తక్కువ ఉండాలి. ఎడం ఎక్కువుంటే వెలుతురు చాలక సాగిందని అర్థం. ఇంకోటి, కొనడానికి మన వైపు మంచి కాలం సంక్రాంతి వెళ్లాక. అప్పటికి గాలిలో తేమ తగ్గుతుంది, రాత్రి చల్లగా పగలు హాయిగా ఉంటుంది, వానలు రావడానికి ఇంకా నాలుగైదు నెలలుంటాయి. ఈలోపు వేరు కుదురుకుంటుంది. జూన్‌లో కొన్న మొక్కకి ఆ అవకాశం ఉండదు.

ఇంటికి తెచ్చాక నాలుగు రోజులు నీడలో అలాగే ఉంచి, తర్వాత మట్టి మార్చాను. నర్సరీ కుండీల్లో సాధారణంగా ఒట్టి కొబ్బరి పొట్టే కూరి ఉంటుంది. షేడ్‌నెట్ కింద గాలి ఆడే చోట అది సరిపోతుందేమో గానీ ఇంట్లో పెడితే పైపైన ఆరి, నడిమధ్యలో వారాల తరబడి తడిగానే ఉంటుంది. వేరు ముద్దని వేళ్లతో నెమ్మదిగా వదులు చేసి, ఆ పొట్టు రాలినంత రాల్చేశాను. తెగిన సన్న వేళ్లకి కంగారు పడక్కర్లేదు, మళ్లీ వస్తాయి.

మట్టి గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే సగం మొక్కలు పోయేది ఇక్కడే. మన చేల మట్టి, పెరటి మట్టి దీనికి వద్దు. డెల్టా ఒండ్రు మెత్తగా, జిగటగా ఉంటుంది, నీళ్లు పడితే బిగుసుకుపోతుంది, వేరుకి గాలి అందదు. నేను కలిపేది ఇది. గోదావరి ఇసుక రెండు వంతులు. ఇల్లు కట్టేచోట మిగిలింది తెచ్చి, జల్లెడ పట్టి, సన్న ఇసుక పారేసి పైన మిగిలిన గరుకు ఇసుక తీసుకుంటాను. సముద్రం వైపు ఇసుక తేకూడదు, ఉప్పు. ఇటుక ముక్కలు ఒక వంతు, శనగగింజంత సైజుకి కొట్టినవి. ఇటుక కొంచెం తేమ పీల్చుకుని నెమ్మదిగా వదులుతుంది, మధ్యలో గాలికి సందులు ఉంచుతుంది. కడిగిన కొబ్బరి పొట్టు ఒక వంతు. పీచు తీసే చోట గుట్టలుగా పడి ఉంటుంది, అడిగితే ఇస్తారు, కానీ అందులో ఉప్పు ఉంటుంది. బకెట్లో నానబెట్టి పిండితే ఎర్రటి నీళ్లు దిగుతాయి. ఆ ఎరుపు పోయేదాకా నీళ్లు మారుస్తూ ఉండాలి. చివరగా బాగా చివికిన పశువుల ఎరువు అర వంతు. ఈ మిశ్రమాన్ని తడిపి పిడికిట్లో నొక్కి వదిలితే విడిపోవాలి. ముద్దగా నిలబడితే ఇంకా ఇసుక కావాలి.

కుండీ విషయంలో నాకు బాగా కలిసొచ్చింది మట్టి మూకుడు. ఈ తీగ వేరు లోతుకి పోదు, పైపైనే పరుచుకుంటుంది. లోతు కుండీలో వేస్తే కింద సగం మట్టి వేరు లేకుండా, తడి పట్టుకుని కూర్చుంటుంది. జానెడు వెడల్పు, నాలుగు వేళ్ల లోతున్న మూకుడు దీనికి సరిగ్గా సరిపోతుంది. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున్నే తడిగా ఉన్నప్పుడే డ్రిల్లింగ్ మిషన్‌తో అడుగున నాలుగు చిల్లులు పెట్టించాను. నానితే పగలదు. రంగు వేయించలేదు. రంగు వేస్తే మట్టి గోడ ఊపిరి పీల్చదు, మట్టి పాత్ర తెచ్చుకున్న ప్రయోజనమే పోతుంది.

మట్టి నింపాక వేళ్లున్న భాగాన్ని మధ్యలో పెట్టి, పొడుగు తీగల్ని కిందికి వదలకుండా మూకుడు లోపలే చుట్టలు చుట్టాను. కొబ్బరి ఈనెలు చిన్న ముక్కలు చేసి, మధ్యకి వంచి, తీగని కణుపు దగ్గర మట్టికి ఆనేలా గుచ్చాను. కణుపు మట్టికి తగిలితే చాలు, ఆ అడుగున తెల్లటి వేరు మొలక బయల్దేరుతుంది. కొన్నాళ్లకి ఒక్క మొదలు మీద ఆధారపడిన తీగ పదిచోట్ల వేళ్లూనుకుంటుంది. మొదలు పోయినా మొక్క పోదు. మూకుడు నిండుగా కనపడటానికి కూడా ఇదే దారి. ఆ మొదటిసారి మట్టి మార్చాక వారం దాకా చుక్క నీళ్లు పోయలేదు, తెగిన వేళ్లు ఆరాలి కదా.

ఎక్కడ వేలాడదీయాలి అన్నది తేల్చుకోవడానికి నాకు ఎక్కువ కాలం పట్టింది, ఎందుకంటే మాది పాతకాలం మండువా ఇల్లు. మధ్యలో ఆకాశం కనపడుతుంది, చుట్టూ నాలుగు వైపులా వసారా, బంగాళా పెంకుల చూరు లోపలికి వాలి ఉంటుంది. వెలుతురుకి కొదవ లేదు గానీ ఏ వసారాలో ఏ పూట ఎండ పడుతుందో చూసుకోవాలి. పొద్దుటి ఎండ తూర్పు నుంచి వాలుగా వచ్చి పడమటి వసారాలో పడుతుంది. అది లేత ఎండ, తీగకి అదే కావాలి. సాయంత్రం ఎండ తూర్పు వసారాలో పడుతుంది. వేసవిలో ఆ ఎండ తగిలితే ఆకు మీద తెల్లటి మచ్చలు పడి, అవి గోధుమ రంగుకి తిరుగుతాయి, ఇక పోవు. అందుకని పడమటి వసారాలో, చూరుకి రెండడుగులు లోపలికి, దూలానికున్న కొక్కేనికి తగిలించాను. రెండడుగులు లోపలికి ఎందుకంటే వాన పడితే చూరు నీళ్లు జల్లుగా ఎగిరి వస్తాయి.

చలికాలంలో మాత్రం చోటు మారుస్తాను. మన డెల్టా 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. డిసెంబరులో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు, ఆ ఎండ ఉత్తరపు వసారాలోకి లోపలిదాకా వస్తుంది. ఆ రెండు మూడు నెలలూ మూకుడు అక్కడికి పోతుంది. మే మొదటివారం దాటాక సూర్యుడు మన నెత్తి మీద నుంచి ఉత్తరానికి జరుగుతాడు, మళ్లీ ఆగస్టు మొదట్లో వెనక్కి వస్తాడు. అపార్ట్‌మెంటుల్లో ఉండేవాళ్లకి ఇది ముఖ్యం. మండువాలో మాదిరి కాదు, అక్కడ పొద్దుటి లేత ఎండ తూర్పు కిటికీలోంచే వస్తుంది, సాయంత్రం ఎండ పడమటి కిటికీలోంచి. దక్షిణం కిటికీ వేసవిలో చల్లగా ఉండి చలికాలంలో ఎండ ఇస్తుంది, కాబట్టి తూర్పు కిటికీ తర్వాత మంచిది అదే. పడమటి కిటికీ ఒక్కటే ఉంటే పల్చటి తెర కట్టుకోండి. గది మధ్యలో, టీవీ పక్కన, షోకేసులో పెడితే మాత్రం తీగ సన్నబడి, ఆకుల మధ్య ఎడం పెరిగి, చూడటానికి జాలేస్తుంది.

ఉట్టి మా అత్తయ్యగారు అల్లారు, కొబ్బరి తాడుతో. వెన్న కుండ వేలాడాల్సిన ఉట్టిలో ఆకుల తీగ పెడుతున్నానని ముందు వింతగా చూశారు గానీ, తీగ దిగడం మొదలయ్యాక ఆవిడే రోజూ పొద్దున్నే కాఫీ తాగుతూ అక్కడ నిలబడేవారు. ఆవిడకి తులసికి బియ్యం కడిగిన నీళ్లు పోసే అలవాటు. ఒకరోజు గిన్నె పట్టుకుని ఇటు వచ్చారు.

“అమ్మాయ్, దీనికీ కాసిని పొయ్యనా? పాపం, నువ్వు దానికి నీళ్లే పొయ్యవు.”

“వద్దత్తయ్యగారూ. ఆ గంజి మట్టిలో నిలిస్తే చిన్న చిన్న ఈగలు పుడతాయి, బూజు పడుతుంది. దీని నీళ్లు దీని ఆకులోనే ఉన్నాయి, పట్టుకు చూడండి.”

ఆకు పట్టుకు చూడమన్నది మాటవరసకి కాదు. నేను నీళ్లు పోయాలా వద్దా అన్నది తేల్చేది అలాగే. నీళ్లు నిండుగా ఉన్న ఆకు రెండు వేళ్ల మధ్య నొక్కితే పచ్చి బటానీ గింజలా గట్టిగా తగులుతుంది. దాహం వేసిన ఆకు కాస్త వంగుతుంది, పైన సన్నటి ముడతలు కనపడతాయి. అప్పుడు కొబ్బరి ఈనె ఒకటి మట్టిలోకి అడుగుదాకా గుచ్చి తీస్తాను. పొడిగా వస్తే నీళ్లు పోస్తాను, తడి మట్టి అంటుకుని వస్తే పోయను. ఆకు ముడత పడి, మట్టి కూడా తడిగా ఉంటే అది దాహం కాదు, వేరు కుళ్లడం మొదలైంది, అందుకే పైకి నీళ్లు అందడం లేదు. చాలామంది ఆ ముడత చూసి ఇంకా నీళ్లు పోస్తారు. అంతటితో తీగ అయిపోతుంది. ఇక ఆకు పసుపు పచ్చగా, లోపల నీళ్లు కనపడేంత పల్చగా మారి, తాకగానే రాలితే నీళ్లు ఎక్కువైనట్టు.

పోసేటప్పుడు చెంచాలతో పోయను. ఉట్టి దించి, మూకుడు బాత్‌రూమ్‌లో పెట్టి అడుగు చిల్లుల్లోంచి కారేదాకా పోసి, నీళ్లు పూర్తిగా కారిపోయాక మళ్లీ తగిలిస్తాను. మాఘ, ఫాల్గుణాల్లో పదిపన్నెండు రోజులకి ఒకసారి పడుతుంది. అది నా ఇంటి లెక్క, మీ ఇంటికి ఈనె చెప్పిందే లెక్క.

వేసవి వచ్చేసరికి రెండు సమస్యలు. మొదటిది రోహిణీ కార్తె. రోళ్లు పగిలే ఎండ అంటారు కదా, బయట 40 డిగ్రీలు దాటితే మండువాలో కూడా వేడి గాలి తిరుగుతుంది. రాత్రిళ్లు చల్లబడదు. ఆకుల్లో నీళ్లు దాచుకునే మొక్కలు చాలావరకు పగలు సూక్ష్మరంధ్రాలు మూసుకుని, చల్లబడిన రాత్రిపూట తెరిచి గాలి లోపలికి తీసుకుంటాయి. రాత్రి కూడా ఉక్కపోస్తుంటే ఆ పని సరిగ్గా సాగదు, పెరుగుదల ఆగిపోతుంది. ఎదగని మొక్కకి నీళ్లెక్కువ పోసి, ఎరువు వేసి ప్రయోజనం లేదు. మే నెలలో ఈనె పొడిగా వచ్చినా ఇంకో రెండు మూడు రోజులు ఆగి, సూర్యోదయానికి ముందు పోస్తాను. ఎండలో వేడెక్కిన మూకుడులో నీళ్లు పోస్తే వేరు దెబ్బతినొచ్చు.

రెండోది ఉప్పు. దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలయ్యాక కాలవలకి నీళ్లు ఆపేస్తారు. సముద్రానికి దగ్గరున్న మా ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. కొబ్బరి చెట్టు ఓర్చుకుంటుంది, ఈ తీగ ఓర్చుకోదు. మూకుడు అంచున, గోడల బయట తెల్లటి పూత కనపడితే అది ఉప్పే. నేను వాన నీళ్లు పట్టి ఉంచుతాను. మండువా చూరు కింద గంగాళం పెడితే ఒక పెద్ద వానకే నిండుతుంది. మొదటి వాన నీళ్లు వదిలేసి, పెంకులు కడిగాక వచ్చిన నీళ్లే పట్టి, దోమలు రాకుండా గుడ్డ కట్టి డబ్బాల్లోకి పోసి పెట్టుకుంటాను. ఈ మొక్క తాగేది అంత తక్కువ కాబట్టి రెండు డబ్బాలు వేసవంతా వస్తాయి. వానలు మొదలయ్యాక ఒకసారి మూకుడు నిండా వాన నీళ్లు బాగా పారేలా పోస్తే పేరుకున్న ఉప్పు కొట్టుకుపోతుంది.

అసలు పరీక్ష ముసురు. మృగశిర కార్తె వచ్చాక బట్టలు ఆరవు, ఉప్పు డబ్బాలో ఉప్పు చెమ్మగిల్లుతుంది, గోడలు చెమరుస్తాయి. ఆ గాలిలో నీళ్లు పోయని మూకుడు కూడా ఆరదు. జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా నేను దాదాపు నీళ్లు పోయను. ఆకులు ముడత పడినా ఊరుకుంటాను. అప్పుడు దానికి కావాల్సింది గాలి. వసారాలో ఫ్యాను ఉంది, మధ్యాహ్నం కాసేపు, రాత్రి కాసేపు తీగ వైపు గాలి తగిలేలా వేసి ఉంచుతాను. నేరుగా హోరున కొట్టక్కర్లేదు, తీగలు మెల్లగా ఊగితే చాలు. గోడకి ఆనించి పెట్టిన కుండీలు వెనకవైపు ముందు పాడవుతాయి, అందుకే నాలుగు వైపులా గాలి ఆడేలా వేలాడదీయమంటాను.

అయినా ఒక శ్రావణంలో ముసురు పట్టి వారం పైన వదల్లేదు, కరెంటు కూడా సరిగ్గా లేదు. ఒక పొద్దున్న చూస్తే మూకుడు మధ్యలో తీగ మొదళ్లు నల్లగా, మెత్తగా అయ్యాయి. చేత్తో లాగితే పైచర్మం ఊడి, లోపల సన్నటి దారం మిగిలింది. కింద వేలాడే భాగం మాత్రం ఇంకా పచ్చగానే ఉంది. కుళ్లు కిందికి పాకేలోపు కత్తిరించాలి. కత్తెర స్పిరిట్‌తో తుడిచి, నలుపు కనపడిన చోటికి నాలుగు వేళ్లు కిందగా కోశాను. కోసిన చోట చూడాలి. ముక్క లోపలంతా పచ్చగా, శుభ్రంగా ఉంటే సరే. మధ్యలో గోధుమ రంగు చుక్క గానీ ఉంగరం గానీ కనపడితే ఇంకాస్త కోయాలి, కత్తెర మళ్లీ తుడవాలి. అలా పచ్చదనం తేలేదాకా కోస్తూ పోయాను. మంచి ముక్కల్ని వార్తాపత్రిక మీద పరిచి, ఒకదాని మీద ఒకటి పడకుండా, ఫ్యాను కింద ఆరబెట్టాను. మామూలు రోజుల్లో రెండు రోజులకే కోసిన చోట పెచ్చు కడుతుంది, ఆ వానల్లో ఇంకా ఎక్కువ పట్టింది. ఆ ముక్కల్ని మట్టిలో గుచ్చలేదు. కొత్త మూకుడులో పొడి ఇసుక మిశ్రమం పోసి, పైన పడుకోబెట్టి ఈనెలతో బిగించాను. కణుపుల కింద వేర్లు రావడం మొదలుపెట్టాక పైపైన కొంచెం తడిపాను. ఇప్పుడు ఉట్టిలో ఉన్న పెద్ద తీగ వాటి నుంచి వచ్చిందే. పాత మూకుడు మట్టి పారేసి, మూకుడు మరిగే నీళ్లతో కడిగి, ఎండ వచ్చాక ఎండబెట్టి మళ్లీ వాడాను.

వానలు తగ్గే ముందు తుపాన్ల కాలం. 1996 నవంబరు 6 తుపాను చూసిన ఇళ్లలో వాతావరణ హెచ్చరిక వస్తే ఎవరూ తేలిగ్గా తీసుకోరు. కోనసీమలో కొబ్బరి తోటలు ఆ రాత్రి ఎలా నేలకొరిగాయో అత్తయ్యగారు ఇప్పటికీ చెబుతారు. మండువాలో గాలికి వాన ఏ వైపుకైనా కొడుతుంది. హెచ్చరిక రాగానే ఉట్టి దించి, మూకుళ్లు లోపల గదిలో బల్ల మీద పెట్టేస్తాను. రెండు మూడు రోజులు చీకట్లో ఉన్నా ఈ తీగకి ఏమీ కాదు. ఒక్క తడి తగలకూడదు, అంతే.

పురుగుల్లో నేను చూసింది పిండి నల్లి ఒక్కటే. ఆకు కాండానికి అతికే చోట తెల్లటి దూది మాదిరి కనపడుతుంది. దానికి ముందు చీమలు వస్తాయి. ఉట్టి తాడు వెంబడి చీమల వరస కనపడితే వెంటనే ఆకుల సందులు వెతకాలి, ఎందుకంటే పిండి నల్లి వదిలే తీపి కోసం చీమలు దాన్ని కాపాడుకుంటూ ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేరవేస్తాయి. చెవులు తుడుచుకునే దూది పుల్లని మందుల షాపు స్పిరిట్‌లో ముంచి ఒక్కొక్క మచ్చనీ తుడుస్తాను. వారానికోసారి, కొత్తవి కనపడటం ఆగేదాకా. బాగా పాకితే లీటరు నీళ్లకి ఒక చెంచా వేప నూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట కొడతాను. ముందు ఒక్క తీగ మీద కొట్టి, రెండు రోజులు చూసి, ఆకు బాగుంటేనే మిగతా వాటికి. తాడు పైన కొక్కెం దగ్గర వేప నూనె తడిపిన గుడ్డ చుడితే చీమలు దిగవు.

ఇంకో మాట మర్చిపోకుండా చెప్పాలి. ఈ తీగ తింటే కుక్కలకి, పిల్లులకి మంచిది కాదు, వాంతులవుతాయి. పాకే పిల్లలున్న ఇంట్లోనూ చేతికందేలా వేలాడదీయకండి, చిన్న కాయల్లా కనపడి నోట్లో పెట్టుకుంటారు. కోసినప్పుడు కారే రసం కొందరి చర్మానికి దురద పుట్టిస్తుంది, చేతులు కడుక్కోవాలి. మా ఇంట్లో పిల్లి ఉంది, అందుకే కొసలు దాని గెంతుకి అందనంత ఎత్తులో ఉంచి, మించితే కత్తిరిస్తుంటాను.

ఎరువు సంగతి పెద్దగా చెప్పేదేం లేదు. ఏడాదికి ఒకసారి, కార్తీకం వెళ్లాక, పైపైన గుప్పెడు చివికిన ఎరువు చల్లుతాను. రెండేళ్లకోసారి మట్టి మారుస్తాను. అంతే.

పుష్యమాసంలో, పొద్దుటి మంచు పడే రోజుల్లో, మా తీగ పూసింది. ఉత్తరపు వసారాలోకి మార్చాక, రాత్రి చలికి, పగటి ఎండకి మొగ్గ కట్టింది. సన్నటి కాడ పైకి లేచి, చివర తెల్లటి చిన్న పువ్వులు ఒక గుత్తిగా విచ్చుకున్నాయి. బంతికున్నట్టు చుట్టూ రేకులుండవు, నడిమధ్య భాగం మాత్రమే ఉన్నట్టుంటుంది. వాసన దాల్చిన చెక్కది. వంటింట్లోంచి అత్తయ్యగారు వచ్చి “మసాలా ఏం నూరుతున్నావు?” అని అడిగారు. పువ్వు ఆవిడ ముక్కు దగ్గర పెడితే చాలాసేపు పట్టుకుని ఉన్నారు, తర్వాత పక్కింటివాళ్లని కూడా పిలిచి చూపించారు.

తాడేపల్లిగూడెంలో అపార్ట్‌మెంటులో ఉండే మా ఆడపడుచు అప్పుడే ముక్కలు పట్టుకెళ్లింది. వాళ్లది తూర్పు బాల్కనీ, గ్రిల్‌కి తగిలించుకుంది. తనకి చెప్పింది ఇంతే. జానెడు ముక్కలు నాలుగైదు తీసుకో, రెండు రోజులు ఆరనివ్వు, మట్టి మీద పడుకోబెట్టి ఈనెలు గుచ్చు, వారం దాకా నీళ్ల మాట ఎత్తకు. ఆకుల మధ్య కొత్త చిగురు కనపడ్డాక ఫోటో పెట్టింది. తన తీగ ఈ ఏడాది ముసురు దాటేసింది, ఫ్యాను మాత్రం వేసింది. ఇప్పుడు ఎవరైనా ముక్క అడిగితే కార్తీకం వెళ్లాక రమ్మంటున్నాను. వానల్లో కోసి ఇవ్వడం మానేశాను. ఇస్తే ఒక ఖాళీ మూకుడు, ఒక సంచి ఇసుక మిశ్రమం కూడా కలిపే ఇస్తున్నాను.